అనాఫీ బీచ్‌లు: గాలి చూసి దిగాల్సిన నీళ్లు

సాంతోరిని నుంచి ఫెర్రీలో తూర్పుకి గంటన్నర వెళ్తే అనాఫీ వస్తుంది. గ్రీసులోని సిక్లడీస్ దీవుల్లో ఆగ్నేయపు కొసన ఉన్న చిన్న దీవి. విస్తీర్ణం 38 చదరపు కిలోమీటర్లు, ఏడాది పొడవునా ఉండే జనం 300 లోపే. విమానాశ్రయం లేదు. ఇసుక మీద వరసగా పరిచిన పడక కుర్చీలు లేవు, వాటికి అద్దె వసూలు చేసేవాళ్లూ లేరు. దక్షిణ తీరం పొడవునా మాత్రం బంగారు రంగు ఇసుక తీరాలు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. వాటిలో చాలావాటికి నడిచి వెళ్లడం తప్ప వేరే దారి లేదు.

ఈ తీరానికి మా మార్కులు అయిదుకి నాలుగున్నర. తగ్గిన అర మార్కు రాకపోకల వల్ల. సాంతోరినికి వెళ్లే తెలుగువాళ్లలో ఎక్కువమంది నీలం గుమ్మటాల ముందు ఫోటో దిగి, జనం రద్దీలో నలిగి, ‘గ్రీసు అంటే ఇంతేనా’ అని తిరిగొస్తారు. ఆ ప్రయాణంలోనే మూడు రాత్రులు పక్క దీవికి కేటాయిస్తే ఏజియన్ సముద్రం అసలు రుచి తెలుస్తుంది. మూడుకి తగ్గితే వద్దు, కారణం కింద ఫెర్రీల దగ్గర ఉంది. కూర్చున్న చోటికి చల్లటి పానీయం రావాలి, పిల్లల్ని ఎత్తుకుని పది అడుగుల్లో నీళ్ల దగ్గరికి చేరాలి అనుకునే వాళ్లకి ఈ దీవి నచ్చదు. వాళ్లు నాక్సోస్ దీవికి వెళ్లడం మేలు. అక్కడ పొడవాటి ఇసుక తీరాలున్నాయి, బస్సులున్నాయి, సదుపాయాలున్నాయి.

ముందు గాలి సంగతి

అనాఫీలో ఏ బీచ్ బాగుంటుందని అడిగే ముందు ఆ రోజు గాలి ఎటు నుంచి వీస్తోందో అడగాలి. జులై, ఆగస్టు నెలల్లో ఏజియన్‌ను ఏలేది మెల్తెమి అనే ఉత్తరపు గాలి. ఆకాశంలో మబ్బు తునక ఉండదు, గాలి మాత్రం ఒక్కోసారి మూడు నాలుగు రోజులు ఎడతెరిపి లేకుండా కొడుతుంది. బాల్కన్ దేశాల మీద ఉండే అధిక పీడనానికీ, తుర్కియే మీద దాకా పాకిన అల్పపీడనానికీ నడుమ పుట్టే గాలి ఇది. ఆ అల్పపీడనం మన నైరుతి రుతుపవనాలను లాగే ఆసియా అల్పపీడనానికి పడమటి కొస. అందుకే మన దగ్గర వానలు పడే నెలలే అక్కడ మెల్తెమి నెలలు.

మంచి బీచ్‌లన్నీ దక్షిణాన ఉన్నాయి, వాటి వెనక కొండలున్నాయి. కాబట్టి గాలి హోరెత్తే రోజున కూడా ఒడ్డు దగ్గర నీళ్లు చెరువులా కనిపిస్తాయి. పొరపాటు ఇక్కడే జరుగుతుంది. రుషికొండలోనో సూర్యలంకలోనో మనం అలను చూసి జాగ్రత్తపడతాం. అల లేకపోతే భయం లేదనుకుంటాం. అనాఫీలో మెల్తెమి నేల మీంచి సముద్రం వైపు తోస్తుంది. ఒడ్డున అల లేవదు, కానీ గాలి నింపిన పరుపు మీద పడుకున్న మనిషి తనకి తెలియకుండానే లోపలికి జరిగిపోతుంటాడు. కొండ చాటు దాటగానే గాలి పూర్తి బలంతో తగులుతుంది, నీళ్లు తెల్లటి నురగలతో ముక్కలవుతాయి, వెనక్కి ఈదడం కష్టమవుతుంది. అందుకని మెల్తెమి రోజుల్లో తేలే పరుపులూ రబ్బరు రింగులూ బయటికి తీయకండి. పిల్లల బంతి లోపలికి కొట్టుకుపోతే వదిలేయండి, దాని వెనక ఈదకండి. ఛాతీ లోతులో ఒడ్డుకి సమాంతరంగా ఈదితే చాలు. ఈ బీచ్‌లలో లైఫ్‌గార్డు ఉంటాడన్న భరోసా పెట్టుకోకూడదు.

కూర్చునే చోటు ఎంపికలోనూ గాలి లెక్క ఉంది. కొండ మీంచి దిగే గాలి వాగు లోయల్లో ఇరుకై వేగం పుంజుకుంటుంది. వాగు నోటి దగ్గర తువ్వాలు పరిస్తే ఇసుక సూదుల్లా కాళ్లకి గుచ్చుకుంటుంది. అదే బీచ్‌లో యాభై అడుగులు పక్కకి, గట్టు దిగువన కూర్చుంటే గాలి తల పైనుంచి వెళ్లిపోతుంది. సొంత గొడుగు తెచ్చుకుంటే కర్రను కనీసం మోచెయ్యంత లోతు దించాలి, పై భాగం గాలి వచ్చే వైపుకి వంచాలి, అడుగున తడి ఇసుక నింపిన సంచీ కట్టాలి. పొడి ఇసుకలో ఊరికే గుచ్చిన గొడుగు ఎగిరి పక్కవాళ్ల మీద పడుతుంది.

అప్పుడప్పుడు, ముఖ్యంగా వసంతంలోనూ శరత్కాలంలోనూ, దక్షిణపు గాలి వస్తుంది. ఆ రోజు లెక్కంతా తారుమారు. దక్షిణ బీచ్‌లన్నింటికీ అలలు నేరుగా వచ్చి తగులుతాయి, నీళ్లు కలక బారతాయి, ఒడ్డున నాచు పోగుపడుతుంది. ఆ రోజు ఈత మానేసి హోరాలో గడపడం మంచిది. హోరా అంటే కొండ మీద, దాదాపు 260 మీటర్ల ఎత్తున ఉన్న తెల్లటి ఊరు. దీవిలో ఊరు అనదగ్గది అదొక్కటే.

ఒక్కో బీచ్

ఓడరేవు పేరు అయియోస్ నికోలాస్. అక్కడి నుంచి తూర్పుగా కాలిబాటలో పావుగంట, ఇరవై నిమిషాలు నడిస్తే క్లిసిడి. దీవిలో సులువుగా చేరగలిగే మంచి బీచ్ ఇదే. ఇసుక మెత్తగా ఉంటుంది, లోతు నెమ్మదిగా పెరుగుతుంది, ఒడ్డు పైన అద్దె గదులూ టావెర్నాలూ (గ్రీకు భోజనశాలలు) ఉన్నాయి. పిల్లలతో, పెద్దవాళ్లతో వచ్చినవాళ్లు వేరే ఆలోచన లేకుండా ఇక్కడే దిగొచ్చు. కష్టమల్లా నీడ. ఉన్న నీడంతా టామరిస్క్ చెట్లది. ఆగస్టులో పదకొండు దాటితే వాటి కింద చోటు దొరకడం కష్టం. దూరం నుంచి మన కోస్తా సరుగుడు మొక్కల్లా కనిపించే ఈ చెట్లకి ఒక గుణం ఉంది. నేలలోని ఉప్పును పీల్చి ఆకుల మీదుగా బయటికి వదిలేస్తాయి. పొద్దున్నే కొమ్మ కింద సంచీ, కెమెరా పెడితే ఉప్పు నీటి చుక్కలు పడి జిగటగా అవుతాయి. ఎండ ఎక్కాక ఆ బాధ ఉండదు. క్లిసిడికి నాలుగు మార్కులు.

క్లిసిడి చివర నుంచి కొండ వాలు పట్టుకుని బాట సాగుతుంది. ముందు కత్సూని, తర్వాత ఫ్లమూరు. రెండిటికీ నడకే దారి. రెండింటిలోనూ దుకాణం లేదు, నీళ్లు లేవు, టాయిలెట్ లేదు. ఆ కారణంగానే నిశ్శబ్దం కూడా ఉంది. ఇక్కడ బట్టలు లేకుండా స్నానం చేసేవాళ్లు కనిపిస్తారు. ఇది దీవిలో ఏళ్ల తరబడి ఉన్న అలవాటు, ఎవరూ దాన్ని వింతగా చూడరు. కుటుంబంతో వెళ్లేవాళ్లు ముందే తెలుసుకుని వెళ్తే ఇబ్బంది ఉండదు. ఫోన్ పైకెత్తి వీడియో తీయడం మాత్రం ఎక్కడా తగని పని. బీచ్ ఫోటో కావాలంటే పైన బాట మీంచి, మనుషులు గుర్తుపట్టలేనంత దూరం నుంచి తీసుకోవాలి.

రూకునాస్ ఈ తీరానికి రాజు. దీవిలోకెల్లా పొడవైన ఇసుక తీరం, వెనకాల టామరిస్క్ చెట్ల వరస, ముందు పచ్చటి గాజులాంటి నీళ్లు. పైన రోడ్డు మీద బస్సు దిగి కిందికి నడవొచ్చు, లేదా క్లిసిడి నుంచి కాలిబాటలో రావొచ్చు. ఆగకుండా నడిస్తే గంట పైమాటే. బీచ్‌కి కొంచెం ఎగువన టావెర్నా ఉంది, మధ్యాహ్నం భోజనానికి తిరిగి హోరా ఎక్కక్కర్లేదు. పొడవు ఉంది కాబట్టి జనం వచ్చినా పలచబడిపోతారు. బస్సు బాట దిగిన చోటే అందరూ గుమిగూడతారు, కాస్త ఓపిక పట్టి చివరిదాకా నడిస్తే ఎవరి చోటు వాళ్లకి దొరుకుతుంది. ఇక్కడా బట్టలు లేనివాళ్లూ, ఈత బట్టలవాళ్లూ కలిసే ఉంటారు.

చెట్ల కింద గుడారాలు వేసుకున్న యువకులు వేసవంతా కనిపిస్తారు. చూసి మనమూ వేసుకోవచ్చనిపిస్తుంది. గ్రీసు చట్టం ప్రకారం అనుమతి పొందిన క్యాంపింగ్ స్థలాల బయట గుడారం వేయడం నిషిద్ధం, జరిమానా పడుతుంది. ఇక్కడ చూసీచూడనట్టు వదిలేసిన రోజులు చాలా ఉండొచ్చు. కానీ వీసా మీద వచ్చినవాళ్లు ఆ భరోసాతో రాత్రి గడపకూడదు. గది తీసుకోండి. నిప్పు రాజేయడం అంతకంటే పెద్ద తప్పు. వేసవిలో ఆ కొండలన్నీ ఎండిన పొద, దానికి మెల్తెమి తోడైతే మంటను ఆపగలిగేవాళ్లు ఉండరు. రూకునాస్‌కి అయిదుకి అయిదు.

దాని తర్వాత వచ్చే కతలిమత్సా చిన్నది. స్నానం కన్నా చరిత్ర కోసం ఆగాల్సిన చోటు. పైన కస్తెల్లి కొండ మీద ఉన్న ప్రాచీన నగరానికి ఇది రేవు. ఆ కొండ మీద రోమన్ కాలపు చెక్కడాలున్న రాతి శవపేటిక ఇప్పటికీ ఆరుబయటే ఉంది. కాస్త ముందుకెళ్తే అయీ అనార్యిరి, పేరు ఒక చిన్న చర్చిది. వైద్యం చేసి డబ్బు పుచ్చుకోని ఇద్దరు సాధువులు, కోస్మస్, దమియాన్‌లను గ్రీకులు అలా పిలుస్తారు. ఆ తర్వాతది మేగాస్ పొతమోస్. పేరుకి ‘మహానది’. చేరేసరికి ఎండిన వాగు నోరు కనిపిస్తుంది. ఈ వరసలో ఏకాంతం కోరుకునేవాళ్లకి మేము చెప్పేది ఇదే. పక్కనే ఉన్న ప్రసియెస్‌ను దారిలో చూసి ముందుకి సాగిపోవచ్చు.

చివర మొనస్తిరి. జోదోహోస్ పియి మఠం కింద ఉంది కాబట్టి ఆ పేరు. బస్సు మఠం వైపు దాకా వస్తుంది కనుక నడవలేనివాళ్లు కూడా ఈ చివరకి చేరగలరు. మఠం కట్టింది గ్రీకుల ప్రాచీన దేవుడు అపోలో గుడి మీద, పాత గుడి పాలరాళ్లు గోడల్లోనే కనిపిస్తాయి. అపోలో ఇక్కడ ఎందుకంటే, తుఫాను చీకట్లో దారి తప్పిన గ్రీకు వీరుల ఆర్గో ఓడకి ఆయన వెలుగు చూపగా ఈ దీవి బయటపడిందని పురాణం. అనాఫీ అంటే ‘కనిపించినది’. పాములు లేవని అర్థం చెప్పేవాళ్లూ ఉన్నారు, పొదల్లో నడిచేవాళ్లకి ఆ రెండో అర్థం కొంచెం ధైర్యం. మఠంలోకి వెళ్లాలంటే భుజాలూ మోకాళ్లూ కప్పుకోవాలి. తడి ఈత బట్టల మీద తువ్వాలు చుట్టుకుని వెళ్తే అది ఆ చోటిని అవమానించినట్టే. సంచీలో ఒక చొక్కా, ఒక పొడవాటి పంచె లేదా స్కర్టు పెట్టుకుంటే సరిపోతుంది.

మఠం వెనక నిలువుగా లేచిన బండ కలామోస్. సముద్రం నుంచి 450 మీటర్లకి పైగా ఎత్తు. జిబ్రాల్టర్ తర్వాత మధ్యధరాలో ఇంత పెద్ద ఏకశిల ఇదేనని చెప్పుకుంటారు. దాని నెత్తిన పనయియా కలమియోతిస్సా చర్చి. మఠం నుంచి ఎక్కడానికి గంట నుంచి గంటన్నర, నీడ అన్నది లేదు. ఎక్కి దిగి మొనస్తిరి నీళ్లలో పడటం ఈ దీవిలో దొరికే అతి గొప్ప పొద్దు. అయితే తెల్లవారుజామునే మొదలుపెట్టాలి. గాలి బలంగా ఉన్న రోజున పైకి వెళ్లకూడదు, శిఖరం మీద నిలబడనివ్వదు.

మొత్తం తీరం ఒకే రోజులో

మొనస్తిరి నుంచి క్లిసిడి దాకా నడక మూడు నాలుగు గంటలు, స్నానాలతో కలిపి ఒక పూర్తి రోజు. తూర్పు నుంచి పడమరకి నడవమని మా సలహా. పొద్దున బస్సులో మఠానికి వెళ్లి అక్కడ మొదలుపెడితే ఉదయపు ఎండ వీపు మీద పడుతుంది, కళ్లలో పడదు. ఓపిక తగ్గే వేళకి రూకునాస్ టావెర్నా దగ్గరికి చేరతారు. చివరకి క్లిసిడిలో భోజనం, నీళ్లు, రేవు అన్నీ దగ్గరే. క్లిసిడి నుంచి మొదలుపెట్టినవాళ్లు సాయంత్రానికి మఠం దగ్గర మిగిలిపోతారు. చివరి బస్సు తప్పితే కొండ రోడ్డు వెంట హోరా దాకా చీకట్లో నడవాలి. బస్సు వేళలు కాలాన్ని బట్టి మారతాయి, కాబట్టి దిగిన రోజే హోరాలోనో రేవులోనో అంటించిన పట్టికను ఫోటో తీసుకోండి.

బాటలో తప్పుదారి పట్టించేవి మేకలు. అసలు బాటకీ మేకల దారికీ తేడా మొదట తెలియదు. మేకల దారి సమతలంగా, తేలిగ్గా సాగి సముద్రం పైన గట్టు అంచున ఆగిపోతుంది. అసలు బాటకి రంగు గుర్తులో, పేర్చిన రాళ్ల గుట్టలో ఉంటాయి. పదినిమిషాలుగా గుర్తు కనిపించకపోయినా, రెండు వైపులా ముళ్ల పొద మోకాళ్లకి రాసుకుంటున్నా తప్పిపోయినట్టే. ముందుకి తోసుకుపోకుండా చివరి గుర్తు దాకా వెనక్కి రావాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా పనిచేసే ఆఫ్‌లైన్ మ్యాప్ ఫోన్‌లో ముందే దించుకుంటే ఈ తిప్పలు తగ్గుతాయి, వాగుల మడతల్లో సిగ్నల్ పోతుంటుంది. అలసిపోతే కంగారు అక్కర్లేదు. హోరా–మఠం రోడ్డు పైన వాలు మీదుగా సాగుతుంది, ఎగువకి ఎక్కితే దానికి తగులుతారు.

మనిషికి మూడు లీటర్ల నీళ్లు మోయాలి. బరువని లీటరున్నరతో బయల్దేరినవాళ్లకి మేగాస్ పొతమోస్ దగ్గరే అయిపోతాయి, మళ్లీ దొరికేది రూకునాస్‌లో. చెప్పులతో ఈ బాట నడవొద్దు. అడుగున పట్టున్న బూట్లు, పిక్కల దాకా మేజోళ్లు వేసుకోవాలి. ఆ పొదల్లో సువాసన ఇచ్చే థైమ్‌తో పాటు ముళ్ల కంపలూ ఉన్నాయి, గీరుకుపోయిన కాళ్లతో ఉప్పు నీళ్లలో దిగితే మంట భరించలేం. మందపాటి టర్కీ తువ్వాలు కంటే పలచటి నూలు తువ్వాలు నయం. గాలికి పావుగంటలో ఆరుతుంది, తలకి చుట్టుకోవచ్చు. టోపీకి గడ్డం కింద తాడు లేకపోతే అది మొదటి మలుపులోనే సముద్రం పాలు.

నీళ్లలో దిగాక

ఏజియన్ నీళ్లలో లీటరుకి దాదాపు 39 గ్రాముల ఉప్పు. మన నదుల మంచినీళ్లు కలిసే బంగాళాఖాతం కంటే బాగా ఎక్కువ. అందుకే ఒళ్లు తేలిగ్గా తేలుతుంది, కళ్లు మాత్రం మండుతాయి. ఈత కళ్లద్దాలు పెట్టుకుని దిగండి. ఒక చిన్న సీసా మంచినీళ్లు ముఖం కడుక్కోవడానికి విడిగా ఉంచుకోండి. పోటు, ఆటు దాదాపు తెలియనంత తక్కువ కాబట్టి నీటి అంచుకి దగ్గరగా సామాను పెట్టినా ఫర్వాలేదు. నీళ్ల వెచ్చదనం జూన్‌లో 21, 22 డిగ్రీలు, ఆగస్టు చివర, సెప్టెంబరులో 24, 25. మేలో దిగితే మనవాళ్లకి వణుకే. గాలి తగ్గి నీళ్లు వెచ్చగా ఉండే సెప్టెంబరు మా మొదటి ఎంపిక. కాకపోతే 8వ తేదీన కలమియోతిస్సా తిరునాళ్ల, దానికి ముందువెనకల గదులూ ఫెర్రీలూ నిండిపోతాయి. ఆగస్టు 15, మేరీమాత పండగకీ అంతే.

ఒడ్డున గోధుమరంగు రిబ్బన్ల పోగులు చూసి బీచ్ మురికిగా ఉందని మార్కులు తగ్గించొద్దు. అవి పొసిడోనియా ఆకులు, మధ్యధరాలో మాత్రమే పెరిగే సముద్రపు గడ్డి. నీళ్లు అంత తేటగా ఉండటంలో దాని పాత్ర ఉంది, ఇసుక కొట్టుకుపోకుండా ఆపేదీ అదే.

రాళ్ల దగ్గర నల్లటి ముళ్ల బంతుల్లాంటి సీ అర్చిన్లు ఉంటాయి. రబ్బరు అడుగున్న నీటి చెప్పులు వేసుకుంటే చాలా వరకు ఇబ్బంది తప్పుతుంది. గుచ్చుకుంటే కాలు రుద్దకూడదు, ముల్లు లోపలే విరుగుతుంది. వేడి నీళ్లలో నానబెట్టి పట్టకారుతో గుచ్చుకున్న దిశలోనే లాగాలి. లోతు తక్కువ ఇసుకలో వీవర్ చేప ఒళ్లు దాచుకుని పడుకుంటుంది, దాని మీద అడుగు పడితే నొప్పి తీవ్రంగా ఉంటుంది. ఆ విషం వేడికి విరుగుతుంది. చర్మం కాలనంత వేడి నీళ్లలో అరగంటకి పైగా కాలు ఉంచాలి. దగ్గర్లోని టావెర్నాలో అడిగితే వేడినీళ్లు ఇస్తారు. ఊపిరి ఆడకపోయినా, వాపు పైకి పాకినా 112కి ఫోన్ చేయాలి. సముద్రంలో ప్రమాదమైతే కోస్ట్‌గార్డు నంబరు 108. మనకి 108 అంటే అంబులెన్స్ కాబట్టి ఈ తేడా గుర్తుంచుకోవాలి, అక్కడ అంబులెన్స్ 166.

తిండి

శాకాహారులకి ఈ దీవి కష్టం కాదు. ఫావా అడగండి. పసుపుపచ్చ పప్పు మెత్తగా ఉడికించి పైన ఆలివ్ నూనె, పచ్చి ఉల్లిపాయ వేసి ఇస్తారు, మన ముద్దపప్పుకి దగ్గరి చుట్టం. సంచీలో కాస్త ఆవకాయ ఉంటే ఆ పూట పండగే. రెవిథియా అంటే శనగల పులుసు, యెమిస్తా అంటే బియ్యం కూరిన టమాటాలు, క్యాప్సికమ్‌లు. యెమిస్తాలో మాంసం ఉంటుందో లేదో అడిగి తీసుకోవాలి. ‘నిస్తిసిమో’ అనే మాట నేర్చుకుంటే పని సులువు. ఉపవాస భోజనం అని అర్థం, అందులో మాంసం, పాలు, గుడ్లు ఉండవు. రొయ్యలు, ఆక్టోపస్ లాంటివి మాత్రం ఉండొచ్చు, అదొక్కటీ చెప్పుకోవాలి. చేపలు తినేవాళ్లు మెనూలో కిలో ధర చూసి ప్లేటు ధర అనుకోకూడదు. వండక ముందే చేపను తూకం వేయించి ధర అడగడం అక్కడ మామూలు విషయం, ఎవరూ ఏమీ అనుకోరు. బల్ల మీద పెట్టిన రొట్టెకి బిల్లులో కొద్దిగా పడుతుంది. అనాఫీలో కుంకుమపువ్వు దొరుకుతుంది, దాన్ని కలిపి చేసే రొట్టె హోరా బేకరీలో కనిపిస్తే వదలొద్దు. థైమ్ తేనె ఇంటికి తెచ్చుకోదగ్గది, చెక్ ఇన్ సామానులో పెట్టాలి.

కుళాయి నీళ్లు తాగడానికి కాదు, సీసా నీళ్లు కొనాల్సిందే. ఖాళీ సీసాలు బీచ్‌లో వదలకుండా ఊరికి మోసుకురావాలి.

వెళ్లడం, ముఖ్యంగా తిరిగి రావడం

ఏథెన్స్ విమానాశ్రయం నుంచి పిరేయస్ రేవుకి మెట్రో మూడో లైను నేరుగా వెళ్తుంది, గంట ప్రయాణం. రాత్రివేళ ఎక్స్96 బస్సు ఉంది. పిరేయస్ పెద్ద రేవు, టికెట్ మీది గేటు నంబరు చూసుకుని ముప్పావుగంట ముందు చేరాలి. అక్కడి నుంచి అనాఫీకి మామూలు ఫెర్రీలో ఎనిమిది నుంచి పదకొండు గంటలు పడుతుంది, దారిలో ఆగే దీవులను బట్టి. వారానికి కొన్ని రోజులే ఓడలున్నాయి, అందుకే మూడు రాత్రులకి తగ్గితే లెక్క కుదరదు. సాంతోరిని మీదుగా వచ్చేవాళ్లు అథినియోస్ రేవు నుంచి ఎక్కాలి. ముందు ఫెర్రీ తేదీలు చూసి, ఆ తర్వాతే గదీ విమానమూ బుక్ చేయండి. విమానం ముందు కొని ఓడ కోసం వెతికినవాళ్లే ఎక్కువగా చిక్కుకుంటారు.

చాలా ఓడలు అర్ధరాత్రో తెల్లవారుజామునో చేరతాయి. రాక వేళ గది యజమానికి ముందే చెబితే రేవుకి వచ్చి తీసుకెళ్లడం అక్కడ వాడుక. బుక్ చేసేటప్పుడే అడగండి. గది అద్దె కాక రాత్రికి ఇంత అని ప్రభుత్వ రుసుము విడిగా కట్టాలి. కొంత నగదు యూరోలు దగ్గర ఉంచుకోండి. గదిలో కాగితం కమోడ్‌లో వేయకూడదు, పక్కనున్న బుట్టలో వేయాలి. గొట్టాలు సన్నం, పూడుకుపోతాయి. స్కూటర్ అద్దెకి కావాలంటే మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ మన దేశంలోనే తీసుకుని వెళ్లాలి, అందులో ద్విచక్ర వాహనం వర్గం ఉండాలి. అది లేకుండా ప్రమాదమైతే బీమా వర్తించదు.

గాలి బోఫోర్ట్ అనే గాలి బలపు కొలతలో 8, 9కి చేరుతుందని సూచన ఉంటే రేవు అధికారులు ఓడలను నిలిపేస్తారు. దీన్ని గ్రీకులు ‘అపగోరెఫ్తికో’ అంటారు. ఆ మాట రేవులో వినబడితే ఆ రోజు ప్రయాణం లేనట్టే, దానితో వాదించి లాభం లేదు. అనాఫీ రేవు దక్షిణానికి తెరుచుకుని ఉంది, దక్షిణపు గాలి గట్టిగా ఉంటే వచ్చిన ఓడ కూడా కట్టకుండా వెళ్లిపోవచ్చు. తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు నుంచీ విండీ యాప్‌లో గాలి సూచన చూడండి. ఓడల జాడ చూపే మెరైన్‌ట్రాఫిక్ యాప్‌లో ఓడ పేరు కొడితే అది ఆ క్షణాన ఎక్కడుందో తెలుస్తుంది, ఎండలో రేవు గట్టు మీద రెండు గంటలు కూర్చునే పని తప్పుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఇంటికి వెళ్లే విమానానికీ ఈ ఫెర్రీకీ మధ్య కనీసం ఒక పూర్తి రోజు ఖాళీ ఉంచాలి. షెంగెన్ వీసా తేదీలు కూడా ఆ రోజును కలుపుకుని అడగాలి, చివరి రోజుకి సరిగ్గా కత్తిరించినట్టు తీసుకోకూడదు.

గాలి అడ్డు రాకపోతే ఆ రోజు ఏథెన్స్‌లో మిగులుతుంది. దాన్ని అక్రోపోలిస్ ఉత్తరపు వాలు మీది అనాఫియోతికాలో గడపండి. 19వ శతాబ్దంలో రాజు ఓథో కాలంలో కొత్త రాజధాని కట్టడానికి అనాఫీ నుంచి తాపీ పనివాళ్లు వచ్చారు. తమ దీవిలో ఎలా ఉండేవో అలాగే ఆ బండ కింద తెల్లటి చిన్న ఇళ్లు కట్టుకున్నారు. హోరా చూసి వచ్చినవాళ్లకి ఆ గోడలూ మెట్లూ వెంటనే గుర్తొస్తాయి. ఎండ తగ్గాక వెళ్లండి. సందులు ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు, కిటికీల వెనక ఇప్పటికీ కాపురాలున్నాయి, కాబట్టి గొంతు తగ్గించి నడవాలి.